శిల్పం నేర్చుకోబోయి... ముద్ర వేశారు!

‘బొమ్మలేసుకుంటూ కూర్చుంటే బువ్వెవరు పెడతారు?’

డ్రాయింగు పుస్తకం వదలని పిల్లలున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినపడే మాటే ఇది. ఆ పిల్లలే ఇంకాస్త పెద్దయి ‘విదేశాలకెళ్లి ఆర్ట్ చదువుతా’ అన్నారంటే ఆ ఇంట్లో కంగారు రెట్టింపవుతుంది. ఎంఎస్‌కి వెళ్తే ఎన్నాళ్లు చదవాలో, ఎంత అప్పవుతుందో, అది ఎలా తీరుతుందో చెప్పేవాళ్లు వీధికి నలుగురుంటారు. ఆర్ట్ చదవడానికి వెళ్తే? అక్కడ ఏం నేర్పుతారు? వెళ్లినవాళ్లు ఏమయ్యారు? అడుగుదామంటే తెలిసినవాళ్లు కనిపించరు.

అలా వెళ్లినవాళ్లలో మన చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టిన ఒకాయన ఉన్నారు. పేరు కృష్ణారెడ్డి. ఊళ్లో సేద్యం చూస్తూ పెరిగి, లండన్, ప్యారిస్, మిలాన్‌లలో విద్యార్థిగా తిరిగి, ప్రపంచంలోని ప్రింట్‌మేకింగ్ విద్యార్థులంతా నేర్చుకునే ఒక పద్ధతికి కారకుల్లో ఒకరయ్యారు. తమాషా ఏమిటంటే, ఆయన వెళ్లింది అందుకోసం కాదు. శిల్పం నేర్చుకుందామని!

ఠాగూర్ లేని శాంతినికేతన్‌లో...

కృష్ణారెడ్డి 1925 జులై 15న పుట్టారు. పదహారేళ్ల వయసులో, 1941లో, శాంతినికేతన్‌లోని కళాభవన్‌కు చేరారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కన్నుమూసింది ఆ ఏడాది ఆగస్టులోనే. గురుదేవుడు లేకపోయినా ఆయన పెట్టిన చదువు మాత్రం అలాగే ఉంది. చెట్టుకింద కూర్చుని చెట్టును చూడటం, పొలంగట్టున నిలబడి ఎద్దు నడకను గమనించడం అక్కడి పాఠాలు. చెప్పే గురువు నందలాల్ బోస్. ప్రకృతిని నకలు తీయడం కాదు, అది ఎలా పెరుగుతుందో, ఎలా కదులుతుందో పట్టుకోవాలన్నది ఆయన దారి.

అదే ఆవరణలో రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన ‘సంతాల్ కుటుంబం’ ఆరుబయట నిలబడి ఉండేది. పాలరాయి లేదు, కంచు లేదు. సిమెంటు, ఎర్ర కంకర కలిపి చేసిన శిల్పం. కావడి మోసుకుంటూ వెళ్తున్న పేద కుటుంబం. శిల్పమంటే దేవుడి విగ్రహమో, దొరగారి విగ్రహమో అనుకునే రోజుల్లో అది పెద్ద మాటే. కృష్ణారెడ్డి అక్కడ చదువుతుండగానే 1943 నాటి బెంగాల్ కరువు వచ్చింది. బొమ్మలు నేర్చుకునే వయసులో ఆకలి ఎలా ఉంటుందో కూడా ఆ నేల చూపించింది.

1946లో చదువు ముగిసింది. మరుసటి ఏడాది మద్రాసులో రుక్మిణీదేవి అరండేల్ స్థాపించిన కళాక్షేత్రలో చిత్రకళా విభాగానికి అధిపతి అయ్యారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండేళ్లే. అక్కడే ఉండిపోతే ‘మాస్టారు స్థిరపడ్డారు’ అని ఊళ్లోవాళ్లు సంతోషించేవారు. కానీ ఆ రోజుల్లోనే శిల్పం మీద మనసుపడింది. చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి మళ్లీ విద్యార్థి అవడానికి సిద్ధపడ్డారు.

రేషను కార్డుల లండన్

1940ల చివర్లో ఆయన లండన్ చేరారు. ఇప్పుడు మనం ఊహించుకునే లండన్ కాదది. యుద్ధం ముగిసి నాలుగైదేళ్లయినా బాంబులు పడిన వీధులు ఇంకా పూర్తిగా లేవలేదు. మాంసం, చక్కెర లాంటివి రేషను మీదే ఇచ్చేవారు. బ్రిటన్‌లో ఆహార రేషను పూర్తిగా ఎత్తేసింది 1954లో! స్వతంత్రం తెచ్చుకుని రెండుమూడేళ్లయినా కాని దేశం నుంచి, నిన్నటిదాకా మనల్ని పాలించిన రాజధానికి విద్యార్థిగా వెళ్లడమంటే ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

చేరింది స్లేడ్ స్కూల్ ఆఫ్ ఫైన్ ఆర్ట్‌లో. 1871లో మొదలైన కళాశాల అది. శిల్పంలో ఆయనకు దొరికిన గురువు హెన్రీ మూర్. పడుకున్న మనిషి ఆకారాన్ని కొండలా, లోయలా మలిచి, మధ్యలో రంధ్రాలు పెట్టి, ‘శిల్పంలో ఖాళీ కూడా ఆకారమే’ అని చూపించిన మహాశిల్పి. రాయిలో ఎత్తుపల్లాలను చూసే కన్ను కృష్ణారెడ్డికి అలా పదునెక్కింది. ఆ ఎత్తుపల్లాలే తర్వాత ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయి.

ప్యారిస్‌లో ‘పాఠం చెప్పని’ బడి

1950ల మొదట్లో ప్యారిస్ వెళ్లారు. కొత్త ఊరు, కొత్త భాష. నందనూరులో తెలుగు, శాంతినికేతన్‌లో బెంగాలీ, మద్రాసులో తమిళం, లండన్‌లో ఇంగ్లిషు, ఇప్పుడు ఫ్రెంచి! పాతికేళ్లు దాటేలోపే అయిదు భాషల నేలల మీద బతికారన్నమాట.

ప్యారిస్‌లో అకాడెమీ ద లా గ్రాండ్ షోమియేర్ అనే కళాశాల ఉంది. 1904లో మొదలైంది. ప్రవేశపరీక్షల హడావుడి లేకుండా వచ్చి నేర్చుకునే చోటు కాబట్టి, దేశదేశాల విద్యార్థులతో కళకళలాడేది. అక్కడ రష్యా సామ్రాజ్యంలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన శిల్పి ఒసిప్ జాద్కిన్ దగ్గర కృష్ణారెడ్డి శిల్పం నేర్చుకున్నారు. ఆధునిక శిల్పానికి పెద్దదిక్కయిన బ్రాంకూషీ పరిచయమూ అప్పుడే. ఆయనదీ పల్లెటూరే. రొమేనియాలో రైతు కుటుంబంలో పుట్టి, 1904లో ప్యారిస్ చేరి, చేపనూ పక్షినీ నున్నటి ఒక్క రూపంలోకి తెచ్చిన మనిషి. పల్లె నుంచి వచ్చినవాడు పల్లెను దాచుకోనక్కర్లేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

అసలు మలుపు మాత్రం ‘అటెలియే 17’లో వచ్చింది. స్టాన్లీ విలియమ్ హేటర్ అనే ఆంగ్లేయుడు 1927లో ప్యారిస్‌లో పెట్టిన అచ్చుబొమ్మల వర్క్‌షాపు అది. హేటర్ చదివింది రసాయనశాస్త్రం. ఇరాన్‌లో చమురు కంపెనీలో పనిచేసి, అది వదిలేసి బొమ్మల్లోకి వచ్చారు. పికాసో, మీరో, జియాకొమెట్టి లాంటివాళ్లు అక్కడ పనిచేసినవాళ్లే. యుద్ధకాలంలో న్యూయార్క్‌కి తరలిపోయిన ఆ వర్క్‌షాపు 1950లో మళ్లీ ప్యారిస్ వచ్చింది. సరిగ్గా కృష్ణారెడ్డి అక్కడికి చేరే సమయానికి!

అది బడే కానీ బడిలా ఉండదు. నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పే మాస్టారుండరు. ఒకే గదిలో, ఒకే ప్రెస్సు చుట్టూ, పేరున్న కళాకారుడూ నిన్న వచ్చిన కుర్రాడూ పక్కపక్కనే పనిచేస్తారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చూపిస్తారు. ఎవరి రేకు పాడైనా నలుగురూ చుట్టూ చేరి ఎందుకు పాడైందో చూస్తారు. శిల్పం నేర్చుకోవడానికి వచ్చిన కృష్ణారెడ్డి ఆ గదిలోకి అడుగుపెట్టారు... దాదాపు పాతికేళ్లు అక్కడే ఉండిపోయారు.

రేకు కాదు... పొలం!

ఇంతకీ ఆయన్ను కట్టిపడేసిందేమిటి?

రాగి లేదా జింకు రేకు మీద బ్యూరిన్ అనే చిన్న ఉలితో గీతలు చెక్కుతారు. చెక్కే చెయ్యి పెద్దగా కదలదు. వంపు కావాలంటే రేకునే తిప్పుతారు. యాసిడ్‌తో కొన్నిచోట్ల లోహాన్ని తినిపిస్తారు. ఆ గుంటల్లో సిరా నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్సులో తిప్పితే గుంటల్లోని సిరా కాగితం మీదికి వస్తుంది. మన లక్ష్మా గౌడ్ ఎచింగులు చూసినవాళ్లకు ఈ అచ్చు అందం కొత్త కాదు.

చిక్కల్లా రంగులతోనే. పెడన కలంకారీ అద్దకం చూశారుగా! ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు. రవివర్మ ప్రెస్సులో దేవుళ్ల పటాలు వేసినా అంతే... ఒక్కో రంగుకు ఒక్కో రాయి. అయిదు రంగులుంటే అయిదుసార్లు అచ్చు వేయాలి. అందులో ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అమ్మవారి పెదవి రంగు చెంప మీద పడుతుంది. రేకు మీద అచ్చు వేసేవాళ్లదీ అదే బాధ.

ఒకే రేకు మీద, ఒకేసారి, రంగులన్నీ వేయలేమా? 1950ల్లో అటెలియే 17లో హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ, వాళ్లతోపాటు మరికొందరు దీని వెంట పడ్డారు. జవాబు నూనెలో దొరికింది.

పనసకాయ కోసేముందు చేతులకు నూనె రాసుకుంటాం. ఎందుకు? నూనె ఉన్నచోట జిగురు అంటదు కాబట్టి. సూత్రం అదే. సిరాలో అవిసెనూనె ఎక్కువ కలిపితే పల్చగా జారుతుంది. తక్కువైతే చిక్కగా, జిగురుగా ఉంటుంది. ముందు పల్చటి సిరా పూసినచోట, తర్వాత వచ్చే చిక్కటి సిరా అంటుకోదు. పక్కకు తప్పుకుంటుంది. అంటే రెండు రంగులు ఒకే రేకు మీద కలిసిపోకుండా పక్కపక్కనే ఉంటాయి!

రెండో కిటుకు రోలర్లలో ఉంది. గట్టి రోలరు రేకు మీద ఎత్తుగా ఉన్న భాగాలనే తాకుతుంది. మెత్తటి రోలరు పల్లాల్లోకి కూడా దిగుతుంది. పొలంతో పోలిస్తే, ఒకటి గట్ల మీదే నడిచిపోతుంది, ఇంకొకటి మడుల్లోకి దిగుతుంది. గట్టుకో రంగు, మడికో రంగు, కాలువకో రంగు. అన్నీ పూశాక కాగితం పరిచి ఒక్కసారి తిప్పితే చాలు. రంగుల బొమ్మ సిద్ధం. దీన్నే ‘విస్కాసిటీ ప్రింటింగ్’ అంటారు.

ఇది పనిచేయాలంటే రేకు మీద రకరకాల లోతులు ఉండాలి. మిగతావాళ్లకు రేకు అంటే గీతలు గీసే పలక. కృష్ణారెడ్డికి అది చెక్కే రాయి. చేతి ఉలులతోనూ, యంత్రపు పనిముట్లతోనూ దాన్ని పొరలు పొరలుగా మలిచారు. ఆయన రేకుల్ని అచ్చు వేయకుండా గోడకు తగిలించినా చిన్న శిల్పాల్లా ఉంటాయి. హెన్రీ మూర్ దగ్గర నేర్చిన ఎత్తుపల్లాలు, జాద్కిన్ దగ్గర నేర్చిన చెక్కుడు... ఏదీ వృథా పోలేదు. శిల్పం వదిలేసి అచ్చులోకి రాలేదాయన. శిల్పాన్ని వెంటబెట్టుకుని వచ్చారు.

అందుకే మధ్యలో మళ్లీ విద్యార్థి కూడా అయ్యారు. 1956-57లో ఇటలీలోని మిలాన్ వెళ్లి, బ్రెరా అకాడెమీలో గుర్రం-రౌతు శిల్పాలకు పేరుపొందిన మారినో మారినీ దగ్గర చేరారు. ముప్పై దాటిన వయసులో, అప్పటికే ప్యారిస్‌లో పనితనం సంపాదించాక, ఆరో భాష నేల మీద మళ్లీ శిష్యుడిగా కూర్చోవడానికి ఆయనకు నామోషీ అనిపించలేదు. 1964లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన అంతర్జాతీయ శిల్పుల సమావేశంలో పాల్గొని అక్కడి మౌంట్ రాయల్ కొండమీద శిల్పం చేశారు.

ప్యారిస్‌లో కూర్చుని ఏం గీశారు?

విదేశాలకు వెళ్లిన చిత్రకారుడు ఏం వేస్తాడు? ఈఫిల్ టవరు, నది ఒడ్డు, కాఫీ హోటళ్లు... అనుకుంటాం. కృష్ణారెడ్డి తొలి అచ్చుల పేర్లు వినండి: ‘పురుగు’, ‘చేప’. రెండూ 1952 నాటివి. తర్వాత ‘కలువలు’, ‘మొలక’, ‘అల’, ‘సుడిగుండం’. 1963లో వేసిన ‘సుడిగుండం’ చూస్తుంటే నీళ్లు తిరుగుతున్నాయా, మనమే తిరుగుతున్నామా అనిపిస్తుంది. చెరువు గట్టున కూర్చుని పెరిగిన కళ్లకే కనిపించే నీళ్లవి.

అలాగని ఎదురుగా ఉన్న ఊరిని ఆయన చూడలేదని కాదు. 1968 మే నెలలో ప్యారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి, కార్మికులు సమ్మెలోకి దిగారు. ఆ ఏడాదే కృష్ణారెడ్డి ‘ప్రదర్శనకారులు’ అనే ప్రింటు చేశారు. 1970ల్లో పాకుతున్న తన కూతురే ఆయనకు బొమ్మ అయింది. ఆ ప్రింటు పేరు ‘పాకుతున్న అపు’. 1980ల్లో సర్కస్ విదూషకుడు వచ్చాడు. ‘గ్రేట్ క్లౌన్’ అనే ఆ రేకునే రకరకాల రంగుల మేళవింపులతో అచ్చు వేశారు. రేకు ఒకటే, బొమ్మ ఒకటే. కానీ ఒక కాగితం మీద అతను నవ్విస్తున్నట్టుంటే, ఇంకో కాగితం మీద అలిసిపోయినట్టుంటాడు. రంగు మారితే మనసు మారుతుందని చెప్పడానికి ఇంతకంటే తేలికైన పాఠం ఉండదు.

శిష్యుడే గురువై...

నేర్చుకోవడానికి వెళ్లిన అటెలియే 17లోనే కృష్ణారెడ్డి ముందు అసోసియేట్ డైరెక్టరు, 1960ల్లో కో-డైరెక్టరు అయ్యారు. దేశదేశాల నుంచి వచ్చే విద్యార్థులకు రోలరు పట్టుకోవడం, నూనె కొలవడం నేర్పారు. 1960ల్లో అలీగఢ్ అమ్మాయి ఒకరు అక్కడికి వచ్చారు. చదివింది గణితం. పేరు జరీనా హష్మీ. ఇల్లు, సరిహద్దు, పోగొట్టుకున్న ఊరు అనే విషయాల మీద ఆమె చేసిన అచ్చులు తర్వాత లోకమంతా చూసింది. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనాల పనిని ఒకేచోట పెట్టి ప్రదర్శన చేసింది. గురువు, శిష్యుడు, ఆ తర్వాతి తరం... ఒకే గోడల మధ్య.

1972లో భారత ప్రభుత్వం కృష్ణారెడ్డికి పద్మశ్రీ ఇచ్చింది. 1976లో ఆయన న్యూయార్క్ వెళ్లి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ప్రింట్‌మేకింగ్ విభాగానికి సారథ్యం వహించారు. కష్టపడి పట్టుకున్న కిటుకును దాచుకోలేదు. 1988లో ఏ సిరా ఎలా కలపాలో, ఏ రోలరు ఎప్పుడు వాడాలో విడమరిచి పుస్తకం రాసి అందరి చేతుల్లో పెట్టారు. 2018 ఆగస్టు 22న న్యూయార్క్‌లోనే కన్నుమూశారు. తొంభై మూడేళ్లు.

వెళ్లేవాళ్లకు... పంపేవాళ్లకు

ఈ కథలో తియ్యదనం ఒక్కటే లేదు. నందనూరు నుంచి బయల్దేరిన మనిషి జీవితంలో ఎక్కువభాగం బయటే గడిపారు. లోకంలోని పెద్దపెద్ద మ్యూజియాల్లో ఆయన ప్రింట్లున్నాయి. కానీ ఆయన పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? ఓ క్రికెటర్ స్కోరు చెప్పినంత తేలిగ్గా మన పిల్లలు ఈయన బొమ్మ పేరు ఒక్కటి చెప్పగలరా? పంపినవాళ్లు మరిచిపోతే వెళ్లినవాళ్లు పరాయివాళ్లవుతారు. ఆ నష్టం వాళ్లకంటే మనకే ఎక్కువ.

ఇప్పుడు ఆర్ట్ చదవాలనుకునే పిల్లలకు తొలిమెట్టు దూరమేమీ కాదు. హైదరాబాద్‌ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్లో ప్రింట్‌మేకింగ్ నేర్పుతారు. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల చదువులున్నాయి. విదేశాలకు దరఖాస్తు చేసేటప్పుడు మార్కుల జాబితాతోపాటు పోర్ట్‌ఫోలియో, అంటే ఇన్నాళ్లూ చేసిన పనిలో ఎంచి పెట్టుకున్న బొమ్మలు, చూస్తారు. అది ఒక్క వేసవి సెలవుల్లో తయారయ్యేది కాదు. కృష్ణారెడ్డి కూడా ఏకంగా ఓడెక్కలేదు. అయిదేళ్లు శాంతినికేతన్‌లో, ఆ తర్వాత మద్రాసులో చేతిని సానపట్టాకే సముద్రం దాటారు.

ఇంకో మాట. ‘శిల్పం కోసం పంపిస్తే అచ్చుబొమ్మలు వేస్తున్నాడేమిటి?’ అని నందనూరు నుంచి ఎవరైనా ఉత్తరం రాసి, ఆయన దానికి తలొగ్గి ఉంటే? వెళ్లేటప్పుడు రాసుకున్న లక్ష్యమే చివరిదాకా ఉండాలని పట్టుబడితే పిల్లలు డిగ్రీ తెచ్చుకుంటారు. దారిలో తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికి తొంగిచూసే చనువిస్తే, ఏమో, ఓ కొత్త పద్ధతే తెచ్చుకోవచ్చు. బువ్వ సంగతి అంటారా? పనితనం చేతికొచ్చాక కృష్ణారెడ్డికి పాఠాలు చెప్పే పీఠాలు వాటంతట అవే ఎదురొచ్చాయి. ఆ పనితనం రావడానికి మాత్రం పదిహేనేళ్లకు పైగా పట్టింది. ఆ పదిహేనేళ్ల ఓపిక పిల్లలకెంత కావాలో, ఇంట్లోవాళ్లకూ అంతే కావాలి.

పిల్లలు విమానం ఎక్కేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి సర్దడం మనకు అలవాటే. వాటితోపాటు ఊరి చెరువునీ చేనునీ, వాటిని నిదానంగా చూసే చూపునీ కూడా సర్ది పంపితే సరి. బరువేమీ పెరగదు... విమానంవాళ్లు అదనపు ఛార్జీ కూడా అడగరు!